బరువు చవక, వేగం ఖరీదు

కొత్త బండి కొన్నవాణ్ణి ఎవరైనా ముందు అడిగేది టాప్ స్పీడ్ గురించే. మా కృష్ణా జిల్లా మాటలో "ఎంత కొడుద్ది?" అని. బందరు, గుడివాడ, అవనిగడ్డ బజార్లలో దీనితో పాటు ఇంకో ప్రశ్న కూడా వినిపిస్తుంది: "ఎంత లాగుద్ది?" అంటే ఎన్ని బస్తాలు, ఎన్ని పాల క్యాన్లు, ఎంతమంది మనుషులు అని. మొదటి ప్రశ్న ఎక్కువగా కుర్రాళ్ళది. రెండోది బండి మీద బతికేవాళ్ళది. రెండిటికీ జవాబు చెప్పాల్సింది మాత్రం ఒకటే చిన్న ఇంజన్. యాభై సీసీదో, వంద సీసీదో.

ఆ ఇంజన్ ఏ ప్రశ్నకి ఎంత జవాబు చెప్పగలదన్నది కంపెనీ ఒక్కటే తేల్చే విషయం కాదు. నేల కూడా తేలుస్తుంది. కృష్ణా డెల్టా నేల ఈ విషయంలో నూట డెబ్భై ఏళ్ళుగా ఒకే మాట చెబుతోంది: ఇక్కడ బరువు చవక, వేగం ఖరీదు. ముందు పడవలు ఆ మాట విన్నాయి, తర్వాత మోపెడ్లు విన్నాయి. ఇప్పుడు మనం వేసుకున్న రోడ్డు మాత్రం వినడం లేదు.

పల్లం

విజయవాడ నుంచి బందరు దాదాపు 70 కిలోమీటర్లు. అంత దూరంలో నేల దిగేది పాతిక మీటర్లకి మించదు. అంటే ఒక ఎనిమిది అంతస్తుల అపార్ట్‌మెంటు ఎత్తుని 70 కిలోమీటర్ల పొడవునా పరిచినట్టు. పామర్రు నుంచి గుడివాడ వెళ్ళినా, చల్లపల్లి మీదుగా మోపిదేవి, అవనిగడ్డ దాటి నాగాయలంక దాకా వెళ్ళినా ఇదే కథ. ఈ దారుల్లో ఎత్తు అనేది ఏమన్నా ఉంటే అది మనిషి కట్టిందే: కరకట్ట, కాలవ మీద వంతెన, పులిగడ్డ దగ్గర వారధి.

ఈ పల్లం ఎంత పల్లమో 1977 నవంబరు 19న దివిసీమకి తెలిసింది. ఆ రాత్రి లేచిన ఉప్పెనకి అడ్డంగా నిలబడే మెరక లేదు. అధికారిక లెక్కల ప్రకారమే పదివేల మంది దాకా పోయారు. నీళ్ళకి అడ్డం లేని చోట గాలికీ అడ్డం ఉండదు. మామూలు రోజుల్లో ఆ గాలి మనల్ని ఏమీ చేయదు, పైరగాలి అని పేరు పెట్టుకుని సంతోషిస్తాం కూడా. చిన్న బండి ఇంజన్‌కి మాత్రం అది రోజూ లెక్కలోకి వచ్చే విషయమే. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1852లో మొదలై 1855లో పూర్తయింది. కట్టించినవాడు కెప్టెన్ చార్లెస్ ఆర్. దాని వెనక ఉన్న ఆలోచన ఆర్థర్ కాటన్‌ది. కాటన్‌ని మనం నీళ్ళిచ్చిన దొరగానే గుర్తుపెట్టుకున్నాం. ఆయన జీవితాంతం చేసిన ఇంకో వాదన ఉంది. ఈ దేశానికి రైళ్ళ కంటే పడవలు తిరిగే కాలవలు ముఖ్యం అన్నాడు. బియ్యం, ఉప్పు లాంటి సరుకు గంటకి ఎన్ని మైళ్ళు వెళ్ళిందన్నది కాదు, మైలుకి ఎంత ఖర్చయిందన్నది చూడాలని ఆయన పట్టుదల. 1870ల్లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కూడా ఇదే వాదించాడు. నెగ్గలేదు. దేశం రైళ్ళనే ఎంచుకుంది. చరిత్రలో కాటన్ ఓడిన ఈ కేసు చాలామందికి తెలియదు.

ఆ వాదన వెనక ఉన్న భౌతిక శాస్త్రం మాత్రం ఎవరి ఓటుతోనూ మారేది కాదు. నిలకడ నీళ్ళ మీద మెల్లగా వెళ్ళే పడవని ఇద్దరు మనుషులు గట్టు మీద తాడుతో లాగగలరు. అందులో టన్నుల సరుకున్నా సరే. అదే పడవని రెట్టింపు వేగంతో లాగమంటే ఇద్దరికి నలుగురు సరిపోరు. ఈ సూత్రాన్ని నీళ్ళ మీంచి తీసి తారు రోడ్డు మీద పెడితే మన మోపెడ్ కథ మొదలవుతుంది.

ఒక చిన్న లెక్క

బండీ మనిషీ కలిపి 180 కిలోలు అనుకుందాం. రోడ్డు బాగుంది, గాలి లేదు, మనిషి నిటారుగా కూర్చున్నాడు. గంటకి 40 కిలోమీటర్ల వేగంతో వెళ్ళడానికి చక్రం దగ్గర కావలసిన శక్తి సుమారు 1 హార్స్‌పవర్. 60కి వెళ్ళాలంటే దాదాపు 3. 80కి 6 దాటుతుంది. వేగం రెట్టింపయింది, ఖర్చు ఆరు రెట్లయింది. కారణం గాలి. టైరు రాపిడికి పోయే శక్తి వేగంతో పాటు సమానంగా పెరుగుతుంది, గాలిని చీల్చడానికి పోయే శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది.

ఇప్పుడు అదే బండి మీద 100 కిలోల ధాన్యం బస్తా పెట్టండి. 40 వేగంలో అదనంగా కావలసింది ఎంతో తెలుసా? హార్స్‌పవర్‌లో ఐదో వంతు. అంతే! బండి బరువు సగానికి పైగా పెరిగినా ఇంజన్‌కి పెద్దగా తెలియదు. అదే బస్తాతో 5 శాతం వాలున్న వంతెన ఎక్కాలంటే, 30 వేగంలో కూడా ఆ ఎక్కుడు ఒక్కదానికే హార్స్‌పవరున్నర కావాలి. కొండ ఊళ్ళలో ప్రతి పావుగంటకీ వచ్చే ఈ కష్టం డెల్టాలో వారధి దగ్గరో, కరకట్ట ఎక్కేటప్పుడో తప్ప రాదు.

బరువు చవక, వేగం ఖరీదు అన్నది ఇందుకే. హోసూరులో తయారై 1980లో వచ్చిన టీవీఎస్ 50 ఈ లెక్కకి సరిగ్గా సరిపోయింది. అంతకు ముందు 1972 నుంచీ లూనా ఉంది. టీవీఎస్ 50 ఇద్దరు కూర్చోవడానికి తయారైన మొదటి భారతీయ మోపెడ్. గేర్లు లేవు, క్లచ్ దానంతట అదే పట్టుకుంటుంది. తొక్కడానికి పెడల్స్ ఉండేవి. వంతెన దగ్గర ఇంజన్ చేతులెత్తేస్తే కాళ్ళు సాయం చేసేవి. తర్వాత వచ్చిన ఎక్సెల్ సూపర్‌కి 69.9 సీసీ, 3.5 హార్స్‌పవర్. పై లెక్కలో పెట్టి చూస్తే గాలి లేని రోజు ఒంటరిగా వెళ్ళేవాడికి అది 60 దగ్గర ఆగిపోవాలి. నిజంగానే అక్కడే ఆగుతుంది.

దాన్ని వెటకారం చేసేవాళ్ళు ఆ 60నే చూశారు. గిలకలదిండి నుంచి చేపల పెట్టె కట్టుకుని బయల్దేరిన మనిషికీ, పెడనలో బట్టల మూటలు వేసుకున్న మనిషికీ 60తో పనిలేదు. వాళ్ళకి కావలసింది వంద కిలోల మీద 35 వేగం. సీటు తీసేసి, ముందు ఖాళీలో ఒక బస్తా, వెనక రెండు క్యాన్లు వేలాడదీసిన ఆ బండిని చూసి ఓవర్‌లోడ్ అంటాం. ఫ్రేముకీ, టైరుకీ, బ్రేకుకీ అది ఓవర్‌లోడే. ఇంజన్‌కి మాత్రం, తారు రోడ్డు మీద ఉన్నంతవరకు, అది తేలికైన పని. కాటన్ పడవకి చక్రాలు వచ్చాయంతే.

తారు దిగి డొంకలోకి వెళ్తే లెక్క మారుతుంది. నల్లరేగడి మీద వాన పడ్డాక టైరు రాపిడి చాలా రెట్లు పెరుగుతుంది. బండి మెల్లగా కదులుతుంది, క్లచ్ జారుతూ వేడెక్కుతుంది, ఇంజన్‌ని చల్లబరచాల్సిన ఎదురుగాలి ఉండదు. డెల్టాలో మోపెడ్ల ప్రాణం మీదికి వచ్చింది హైవేల మీద కన్నా ఇలాంటి పొలం దారుల్లోనే ఎక్కువ అని నా అంచనా.

పట్టేయడం

ఇంజన్ మీద భారం పడటం అంటే ఏమిటి? మెకానిక్ షెడ్లో దీనికి రెండు మాటలున్నాయి. ఒకటి "లాగట్లేదు". రెండోది "పట్టేసింది". మొదటిది నెమ్మదిగా వచ్చే ముసలితనం, రెండోది గుండెపోటు.

పాత టూ-స్ట్రోక్ ఇంజన్‌లో ఆయిల్ విడిగా ఉండదు. లూనాలో, చేతక్‌లో, మొదటి తరం టీవీఎస్‌లో పెట్రోలుతోనే టూ-టీ ఆయిల్ కలిపి పోయాలి. పిస్టన్‌కి తడి అందేది ఆ పెట్రోలు ద్వారానే. ఎక్సలేటర్ ఎంత తిప్పితే అంత పెట్రోలు, అంత ఆయిల్. ఫుల్లుగా తిప్పి చాలాసేపు వెళ్ళాక ఒక్కసారిగా వదిలేస్తే? చక్రం ఇంజన్‌ని అదే వేగంతో తిప్పుతూనే ఉంటుంది, ఆయిల్ మాత్రం ఆగిపోతుంది. అల్యూమినియం పిస్టన్ వేడికి ఇనప బోరు కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది. రెండిటి మధ్య ఉన్న వెంట్రుక వాసి ఖాళీ పూడిపోతే పిస్టన్ బోరుని పట్టేస్తుంది. వెనక చక్రం బిగుసుకుంటుంది. అందుకే గేర్ల బండ్ల పాత డ్రైవర్ల ఎడమ చెయ్యి ఎప్పుడూ క్లచ్ మీదే ఉండేది.

ఒక పావుగంట చల్లారాక మళ్ళీ కిక్ కొడితే స్టార్టయినా, గీతలు పడ్డ బోరు అలాగే ఉంటుంది. అప్పుడు హాఫ్ ఇంజన్ పని: బోరు కొట్టించి పెద్ద సైజు పిస్టన్, రింగులు వేయించడం. సాధారణంగా ఒక్కో బోరుకి 0.25 మిల్లీమీటరు పెరుగుతుంది. 25 సైజు, 50 సైజు, 75 సైజు, 100 సైజు. ఆ తర్వాత సిలిండరే మార్చాలి. అంటే ఒక బండి ఆయుష్షు నాలుగు పావు మిల్లీమీటర్లు. పడమటి సంపన్న దేశాల్లో పారేసే వయసులో ఇక్కడ బండి మొదటి బోరుకి వెళ్తుంది. విజయవాడ ఆటోనగర్ నుంచి ఊరి షెడ్డు దాకా ఉన్న ఒక వృత్తి మొత్తం ఈ పావు మిల్లీమీటర్ల మీద బతికింది.

ఇక్కడే పల్లం ఇంకో వైపు చూపిస్తుంది. ఘాట్ రోడ్డులో ఎక్కేటప్పుడు కష్టపడిన ఇంజన్‌కి దిగేటప్పుడు విశ్రాంతి దొరుకుతుంది. బందరు రోడ్డులో దిగుడు లేదు. ఎక్సలేటర్ తిప్పి పట్టుకుంటే పామర్రు దాకా అలాగే పట్టుకోవాలి. ఇక గాలి: ఎండాకాలం పొద్దున పడమటి గాలికి ఎదురుగా విజయవాడ వెళ్ళి, సాయంత్రం సముద్రపు గాలికి ఎదురుగా బందరు తిరిగి వచ్చేవాడికి రెండు వైపులా ఎదురుగాలే. 60తో వెళ్ళే బండికి 20 వేగం ఎదురుగాలి తగిలితే కావలసిన శక్తి 3 హార్స్‌పవర్ నుంచి దాదాపు 5కి పోతుంది. ఎక్సెల్ సూపర్ దగ్గర ఉన్నదే మూడున్నర. అది 50 దగ్గరికి పడిపోయి, పూర్తి శక్తితో అరుస్తూ వస్తుంది. కొండలు లేవనుకునే ఈ నేలలో గాలే కొండ. కంటికి కనపడదు, ఎక్కడం మాత్రం తప్పదు.

పదకొండు గుర్రాలు, ఏడు గుర్రాలు

మోపెడ్ ఒక తరగతిదైతే, స్కూటరు ఇంకో తరగతిది. 1972లో పేరు పెట్టుకుని వచ్చిన బజాజ్ చేతక్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన కుటుంబాలు మన ఇళ్ళలోనే ఉన్నాయి. హైదరాబాదులో ఆల్విన్ సంస్థ పుష్పక్ పేరుతో తెలుగునేల స్కూటరు ఒకటి తెచ్చింది, అందులో ఉన్నది లక్నో స్కూటర్స్ ఇండియా వాళ్ళ లాంబ్రెటా సంతతి ఇంజనే. ఈ స్కూటర్లు టీచర్లవి, బ్యాంకు ఉద్యోగులవి, ఎల్‌ఐసీ ఏజెంట్లవి. ఇంజన్ మూత కింద ఉంటుంది కాబట్టి చల్లబరచడానికి ఫ్యాను ఉండేది. ఎదురుగాలి కోసం పరుగెత్తాల్సిన అవసరం లేదు. నెమ్మదిగా వెళ్ళినా దానికి ఆయాసం రాదు. ఆ నెమ్మది ఆ ఉద్యోగాల నెమ్మదికి సరిపోయింది.

1984, 85ల్లో జపాన్ వంద సీసీలు వచ్చాక టాప్ స్పీడ్ అనే మాట మన ఊళ్ళలో నిజంగా పుట్టింది. 1985లో ఒకే ఏడాది రెండు బండ్లు వచ్చాయి. హీరో హోండా సీడీ 100: ఫోర్-స్ట్రోక్, 97.2 సీసీ, ఏడున్నర లోపు హార్స్‌పవర్. యమహా ఆర్‌ఎక్స్ 100: టూ-స్ట్రోక్, 98 సీసీ, 11 హార్స్‌పవర్. దాదాపు అదే సైజు ఇంజన్ నుంచి ఒకటిన్నర రెట్లు శక్తి. ఆర్‌ఎక్స్‌లో ఆయిల్‌కి విడిగా ట్యాంకు, పంపు ఉండేవి. పెట్రోలులో కలపక్కర్లేదు. కాలేజీ గోడల పక్కన ఆ సైలెన్సర్ శబ్దం ఒక తరం యవ్వనానికి గుర్తుగా మిగిలిపోయింది. 1996లో ఆగిపోయిన బండికి ఇప్పటికీ ఎంత ధర పలుకుతుందో మీకు తెలిసే ఉంటుంది.

ఘనం లెక్క ఇక్కడ కూడా వదలదు. శక్తి ఒకటిన్నర రెట్లయితే వేగం పెరిగేది 14 శాతం చిల్లర. సీడీ 100 85 దగ్గర ఆగితే, ఆర్‌ఎక్స్ 100 చేరుకోవడానికి ఇంకో పదిహేను కిలోమీటర్లు. ట్యాంకు మీద పడుకుని గాలికి తక్కువ అడ్డమైతే ఆ వంద అందుతుంది. ఆ పదిహేను కోసం లీటరుకి వచ్చే కిలోమీటర్లు ఎన్ని పోయాయో లెక్క వేసుకున్న రైతు కుటుంబాలు సీడీ 100 వైపు, 1994 తర్వాత స్ప్లెండర్ వైపు వెళ్ళాయి. చరిత్ర ఓటు మళ్ళీ చవక వైపే పడింది. ఈసారి కాటన్ గెలిచాడనుకోవచ్చు.

టాప్‌లో నడిపితే ఇంజన్ పాడవుతుందా అని ఇప్పటికీ అడుగుతుంటారు. స్ప్లెండర్ తన పూర్తి శక్తి ఇచ్చేది నిమిషానికి 8000 చుట్ల దగ్గర. దాని స్ట్రోక్ 49.5 మిల్లీమీటర్లు. అంటే పిస్టన్ సగటున సెకనుకి 13 మీటర్లు ప్రయాణిస్తోంది, అంతలో నిమిషానికి పదహారు వేల సార్లు ఆగి వెనక్కి తిరుగుతోంది. ఆ తిరుగుడులో కనెక్టింగ్ రాడ్ మీద, బేరింగుల మీద పడే బలం చుట్ల వర్గంతో పెరుగుతుంది. అదే గేరులో 80 బదులు 60తో వెళ్తే ఆ బలం దాదాపు సగానికి తగ్గుతుంది. 2015లో వచ్చిన ఫోర్-స్ట్రోక్ ఎక్సెల్ 100 చూడండి. సీసీ స్ప్లెండర్ కంటే కాస్త ఎక్కువే, 99.7. శక్తి మాత్రం 4.3 హార్స్‌పవర్, అదీ 6000 చుట్ల దగ్గరే. ఇది చేతకాక కాదు. వేగాన్ని వదులుకుని ఆయుష్షునీ లాగుడునీ కొనుక్కున్న డిజైన్ అది. సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్ళకి ఈ బేరం బాగా అర్థమవుతుంది: సర్వర్‌ని ఎప్పుడూ నూరు శాతం మీద నడపం. నడవలేదని కాదు, రేపు కూడా నడవాలి కాబట్టి.

కొత్త రోడ్డు

పుణె నుంచి హైదరాబాదు, విజయవాడ మీదుగా బందరు వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి ఇప్పుడు మా వైపు నాలుగు లైన్లయింది. కేంద్రం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు లైన్ల రోడ్ల మీద కారుకి 100, మోటార్ సైకిల్‌కి 80 గరిష్ఠ వేగం. మామూలు రోడ్ల మీద 70, 60. ఆ 80ని పై లెక్క పక్కన పెట్టి చూడండి. చక్రం దగ్గర 6.3 హార్స్‌పవర్. చెయినులో, గేర్లలో పోయేది కలిపితే 7. వంద సీసీ బండి దగ్గర ఉన్నదంతా అదే. చట్టం దృష్టిలో గరిష్ఠ పరిమితి అయిన అంకె ఈ బండికి ప్రాణమంతా పెట్టి చేరుకునే అంకె. ఎదురుగాలి ఉన్న సాయంత్రం అది కూడా అందదు.

మరి కుర్రాడు ఎందుకు అక్కడిదాకా తిప్పుతాడు? మోజు అని తేల్చేయడం తేలిక. రోడ్డు మీద నిలబడి చూస్తే ఇంకో కారణం కనిపిస్తుంది. 100తో వచ్చే కారుకీ, బస్తాలతో 45తో వెళ్ళే మోపెడ్‌కీ తేడా 55. అంటే సెకనుకి 15 మీటర్లు. అద్దంలో 150 మీటర్ల దూరాన కనిపించిన కారు పది సెకన్లలో వీపు మీద ఉంటుంది. 80తో వెళ్తే తేడా 20కి తగ్గుతుంది, ఊపిరి పీల్చుకునే సమయం దొరుకుతుంది. వెనక భయం తగ్గించుకోవడానికి ముందు ప్రమాదం పెంచుకోవడం ఇది. ఎందుకంటే 50తో పోలిస్తే 80లో బండికి ఉండే గతిశక్తి రెండున్నర రెట్లు, దాన్ని ఆపాల్సింది చాలా బండ్లకి అవే డ్రమ్ బ్రేకులు. హెల్మెట్ పెట్టుకోమని చెప్పడం సరైనదే, పెట్టుకోవాల్సిందే. అది ఈ తేడాని మాత్రం తగ్గించదు.

మోపెడ్ మనిషికి ఆ దారి కూడా లేదు. అంచున వెళ్ళాలి. కోతల కాలంలో ఆ అంచున ధాన్యం ఆరబోసి ఉంటుంది, ఎగరకుండా చుట్టూ రాళ్ళు పెట్టి. కళ్ళాలు లేని కౌలు రైతుకి ఎండ తగిలే గట్టి నేల అదొక్కటే. ధాన్యం కోసం మోపెడ్ లైన్లోకి జరుగుతుంది, మోపెడ్ కోసం కారు బ్రేకు వేయాలి. డెల్టా నెమ్మది బతుకంతా ఒక మీటరున్నర అంచు మీద ఇరుక్కుని ఉంది.

ఇందులో తప్పు చిన్న ఇంజన్‌ది కాదు. ఈ నేలకి ఏది చవకో అది నేర్చుకుని, నలభై ఏళ్ళుగా ఆ పనే చేస్తోంది. పడవల కాలవలు తవ్వినప్పుడు నెమ్మదిగా వెళ్ళే బరువుకి ఒక దారి కావాలని ఆలోచించినవాళ్ళున్నారు. నాలుగు లైన్లు గీసినప్పుడు ఆ ఆలోచన ఊళ్ళ దగ్గర కొన్ని సర్వీసు రోడ్లతో ఆగిపోయింది. ఊరికీ ఊరికీ మధ్య కూడా 40తో వెళ్ళేవాడికి తనదైన దారి ఒకటి, ధాన్యానికి ఊరి దగ్గర కళ్ళం ఒకటి ఉంటే, స్ప్లెండర్ కుర్రాడు 60 దగ్గర ఎక్సలేటర్ వదలడానికి భయపడక్కర్లేదు. వందతో వెళ్ళే కారు కూడా నిశ్చింతగా వెళ్తుంది.

రోడ్డు వేసేవాళ్ళు "ఎంత కొడుద్ది?" అని మాత్రమే అడిగి ఊరుకున్నారు. ఆ రోడ్డు మీద రోజూ తిరిగే బండ్లలో ఎక్కువ భాగం రెండో ప్రశ్నకి జవాబుగా తయారైనవి.